ఎడారికి చలికోటు

ఎడారి దేశానికి పోయేవాళ్ళకు స్వెట్టరెందుకని మీరు నవ్వుతారు. నవ్వండి. 2018 అక్టోబరులో పెట్టె సర్దుకుంటూ నేనూ ఇలాగే నవ్వాను.

మావారు అప్పటికి ఎనిమిదేళ్ళుగా కువైటులో ఒక కట్టడాల కంపెనీలో లెక్కలు రాస్తున్నారు. నేను మెట్‌పల్లిలో కాపురముండి, ఆ చుట్టుపక్కల ఒక జూనియర్ కాలేజీలో పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఆయన ఏడాదికొక నెల వచ్చి వెళ్ళేవారు. మాది సెలవుల సంసారం. ఆ ఏడు మా అమ్మాయి ఇంజనీరింగులో చేరి హాస్టలుకు పోయింది. ఇల్లు బోసిపోయింది. జీతం లేని సెలవు పెట్టి కొన్నాళ్ళయినా ఆయన దగ్గర ఉండి వద్దామని నిశ్చయించుకున్నాను.

ఉన్నది ఒక్క పెట్టె. ముప్పై కిలోలు దాటకూడదు. మా అత్తగారు అందులో సకినాలు, మామిడికాయ తొక్కు, ఇంటి పసుపు, దంచిన కారం అన్నీ పెట్టించారు. అడుగున ఊదారంగు స్వెట్టరు ఒకటుంది. చలికాలం వస్తే మా వైపు పట్టణాల్లో రోడ్డు పక్కన గుడారాలు వేసి లూధియానా ఉన్నిబట్టలు అమ్ముతారే, వాళ్ళ దగ్గర బేరమాడి కొన్నది. దాన్ని తీసి పక్కన పడేసి, ఆ చోట్లో ఇంకో రెండు కిలోల సకినాలు ఇరికించాను. "ఎండల దేశానికి స్వెట్టరు బోడితలకు దువ్వెన" అని అత్తగారితో అన్నాను కూడా. తెలుగు లెక్చరర్లకు ఈ సామెతల జబ్బు ఒకటుంటుంది. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

మా జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతంలో గల్ఫుకు మనిషి పోని ఇల్లు వెతికి పట్టుకోవాలి. తిరిగివచ్చినవాళ్ళు చెప్పేదంతా ఎండ సంగతే. అదేమీ అబద్ధం కాదు. 2016 జూలైలో కువైటులో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీల ఎండ కాసింది. అయితే వాళ్ళు వస్తూ వస్తూ తెచ్చే సామానులో తప్పకుండా ఒక బొచ్చు దుప్పటి ఉంటుంది. జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచీలో, ఎర్రటి పూవులతోనో పులిబొమ్మతోనో, ఎత్తితే చేతులు పడిపోయేంత బరువు. మా వైపు దాన్ని దుబాయి షెద్దరంటారు. అంత ఎండల దేశంలో అంత మందం దుప్పటి ఎందుకు అమ్ముతారని ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారైనా తోచలేదు చూడండి!

నవంబరులో వాన పట్టుకుంది. ఎడారి వాన అంటే నాలుగు చినుకులనుకున్నాను. ఆ ఏడు కువైటులో వీథులు ఏరులై, కార్లు తేలాయి. వాన వెలిసిన తరువాత గాలి తిరిగింది. డిసెంబరు మొదటి వారం దాటేసరికి, తెల్లవారుజామున లేచి గచ్చుమీద కాలుపెడితే ఐసుమీద పెట్టినట్టే. అక్కడి ఇళ్ళన్నీ వేసవికోసం కట్టినవి. నేలంతా చలువరాయి, గోడకొక చల్లయంత్రం. వెచ్చబెట్టుకునే ఉపాయం ఏమీ లేదు. మా కింది వాటాలో ఉన్న ఈజిప్టు ఆవిడ, ఇంకా నలభై రోజులు ఇంతేనని వేళ్ళు చూపించి చెప్పింది. ఆ నలభై రోజుల చలికి అరబ్బులు మురబ్బానియా అని పేరు పెట్టుకున్నారు. డిసెంబరు మొదటి వారంలో మొదలై మన సంక్రాంతి దాకా ఉంటుంది. మన ధనుర్మాసం చలే, పొంగలి మాత్రం ఉండదు.

నేను రెండు చీరలు ఒకదానిమీద ఒకటి కట్టుకుని, మావారి పాత చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని వంట చేస్తూంటే, ఆయన గుమ్మంలో నిలబడి, "మీ విద్యార్థులు చూడాలి ఇప్పుడు!" అన్నారు. ఆ మాట ఊరికే పోలేదు.

సరే, కోటు కొనాలి. మొదట పెద్ద అంగడికి తీసుకువెళ్ళారు. అక్కడ ఒక నీలం కోటు నాకు తెగ నచ్చింది. మెత్తగా ఉంది, వెచ్చగా ఉంది, అద్దంలో చూసుకుంటే మనిషి కాస్త సన్నబడినట్టు కూడా ఉంది. చీటీ చూస్తే ముప్పై అయిదు దీనార్లు. దీనారు అప్పట్లో దాదాపు రెండువందల ముప్పై రూపాయలు. గల్ఫులో ఉన్న తెలుగువాళ్ళకందరికీ నిద్రలో లేపి అడిగినా ఈ ఎక్కం వస్తుంది. ముప్పై అయిదు రెండువందల ముప్పైలు ఎనిమిదివేల యాభై. ఎనిమిదివేలు పెట్టి కోటు కొని, మెట్‌పల్లికి తిరిగివచ్చాక దాన్ని ఏ పెళ్ళికి వేసుకోను? గుండీలు విప్పి, ఉన్నచోటనే తగిలించి వచ్చేశాను. "దీనారును దీనారుగా చూడడం నేర్చుకో" అని మావారు విసుక్కున్నారు. అలా చూడగలిగితే ఆయన ఎనిమిదేళ్ళలో ఒక్క కోటయినా కొనుక్కుని ఉండవలసింది. ఆయన ఒంటిమీద ఉన్నది కంపెనీవాళ్ళిచ్చిన జాకెట్టు.

చీరమీద కోటు తొడగడం కూడా ఒక విద్యే. పమిట లోపల పెడితే పొట్టదగ్గర ఉండ కడుతుంది. బయట పెడితే కోటు తొడిగీ లాభం లేదు. కుచ్చిళ్ళకింద కాళ్ళకు గాలి కొడుతూనే ఉంటుంది. చలిదేశాల్లో ఉండే మన ఆడవాళ్ళు ఏం చేస్తారో అనుకున్నాను. చీరకింద మేజోళ్ళు, పైజామాలు తొడుగుతారని తరువాత తెలిసింది. నేనూ అదే చేశాను. కువైటులో నేను సాధించిన మొదటి పరిశోధన అది.

అల్-రాయ్ అనే పేటలో శుక్రవారం సంత జరుగుతుంది. సంత అంటే మన అంగడి వంటిదే, కాని పది అంగళ్ళంత. తివాచీలు, మంచాలు, పింగాణీ, కోళ్ళు, చిలుకలు, పాత గడియారాలు, అన్నింటికంటే ఎక్కువగా పాత బట్టలు. ఏ దేశంలోనో ఎవరో తొడిగి విడిచిన కోట్లు మూటలుగా వచ్చి, అక్కడ బల్లలమీద గుట్టలు పడతాయి. కొనేవాళ్ళు మనవాళ్ళు, బెంగాలీలు, నేపాలీలు. అమ్మే కుర్రవాళ్ళు హిందీలో పాటలాగా ధరలు అరుస్తూ ఉంటారు. ఒకరు విడిచిన బట్ట తొడగడమేమిటని మొదట నాకు ఒళ్ళు జలదరించింది. రెండో గుట్ట దగ్గరికి వచ్చేసరికి జలదరింపు పోయింది. మూడో గుట్టలో మోచేతులదాకా దిగాను.

ఒక కాఫీరంగు ఉన్నికోటు దొరికింది. అసలైన ఉన్ని. నాలుగు దీనార్లన్నాడు. నేను ఒకటన్నాను. రెండింటికి దిగాడు. తొడుక్కుని, "ఎలా ఉంది?" అని మావారి వైపు తిరుగుతున్నాను, ఇంతలో వెనకనుంచి అచ్చమైన మా ఊరి మాట వినిపించింది:

"మేడం, అది ఆడోళ్ళది గాదు. గుండీలు కుడిదిక్కున్నయ్ సూడుండ్రి. మొగోళ్ళ కోటది."

తిరిగి చూస్తే పాతికేళ్ళు దాటిన కుర్రవాడు, ఏదో బిస్కెట్ల కంపెనీ టోపీ పెట్టుకుని నవ్వుతున్నాడు. "నమస్తె మేడం! గుర్తువట్టలేదా? మీ తాన ఇంటరు సదివిన. రెండువేల తొమ్మిది బ్యాచి." నేను గుర్తుపట్టినట్టు నవ్వాను. ఏడాదికి నూటయాభై మందికి చెబుతాం. వాళ్ళు మనను గుర్తుపడతారు, మనం గుర్తుపట్టినట్టు నవ్వుతాం. అది మా వృత్తిలో ఉన్న అబద్ధం. అతను వెంటనే వెనక్కి తిరిగి గట్టిగా కేకవేశాడు:

"ఓ గొంగడీ! ఇటు రా! ఎవరచ్చిండ్రో సూడు!"

దుప్పట్ల గుట్టల మధ్యనుంచి ఒక సన్నటి, పొడుగాటి మనిషి వచ్చాడు. ఎండకు మాడి నల్లబడిన ముఖం. మోచేతి దగ్గర గుడ్డముక్క వేసి కుట్టిన పాత ఖాకీ కోటు. చేతిలో కొత్త షెద్దరు, జిప్పు సంచీలో. నన్ను చూడగానే సంచీ కిందపెట్టి, రెండు చేతులూ జోడించాడు.

నాకు నవ్వు వచ్చింది. "గొంగడి ఏమిటయ్యా? అదేం పేరు?" అన్నాను.

టోపీవాడు పకపకా నవ్వాడు. "మీరు వెట్టిన పేరే గద మేడం!"

గొంగడి అంటే ఏమిటో మా వైపువాళ్ళకు చెప్పనక్కరలేదు. కోస్తావాళ్ళు గొంగళి అంటారు. నల్లగొర్రెల ఉన్నితో కురుమవాళ్ళు నేసే కంబళి అది. గొర్లకాపరికి దాన్ని మించిన ఆస్తి లేదు. చలికి కప్పుకుంటాడు, వానకు కొప్పెర పెట్టుకుంటాడు, నిద్రవస్తే పరుచుకుంటాడు, పుట్టిన గొర్రెపిల్లను అందులో చుట్టుకుని ఇంటికి తెస్తాడు. గొంగళిపురుగుకు ఆ పేరు ఎలా వచ్చిందో క్లాసులో ప్రతి ఏడూ చెబుతాను. గొంగడి సామెతలూ చెబుతాను: గొంగట్లో తింటూ వెంట్రుకలేరడం, ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉండడం.

ఆ రెండోదే కొంప ముంచింది. టోపీవాడు చెప్పుకుపోయాడు. పరీక్షలముందు జనవరిలో పొద్దున్నే ప్రత్యేక క్లాసులు పెట్టాం. ఇతని ఇంట్లో గొర్లమంద ఉంది. రాత్రి ఎవరి పొలంలోనో ఎరువుకోసం మందను ఆపి, కాపలా పడుకుని, తెల్లవారి మందను తండ్రికి అప్పగించి, అటునుంచి అటే కాలేజీకి వచ్చేవాడు. ఒక రోజు గొంగడి కప్పుకునే క్లాసులోకి వచ్చాడట. నేను సామెతలు చెబుతున్నానట. అతన్ని చూసి, "ఎక్కడ వేసిన గొంగడి అక్కడే అంటారు. ఈయన గొంగడి మాత్రం కాలేజీదాకా నడిచివచ్చింది!" అన్నానట. క్లాసంతా ఘొల్లుమంది. ఆ రోజునుంచీ అతని పేరు గొంగడి. ఊళ్ళో అదే, బస్సులో అదే. కువైటులో తొమ్మిదిమంది ఉండే గదిలోనూ అదే. టోపీవాడు తన ఫోను తీసి చూపించాడు. అందులో కూడా అతని పేరు అదే.

"మీరు మస్తు నవ్విచ్చేటోళ్ళు మేడం" అన్నాడు ఆ పొడుగాటి కుర్రవాడు. అతని గొంతులో వెక్కిరింత లేదు, కోపం లేదు. అదే నాకు తట్టుకోవడం కష్టమయింది.

"మరి ఆ తరువాత?" అన్నాను, ఏదో అనాలి కనుక.

"తరువాతేమున్నది మేడం. గొంగడి ఇంట్ల ఇడిశి అచ్చిన. ఆ రెండు నెలలు జెర సలివెట్టింది, అంతే. తెలుగుల అరవై నాలుగచ్చినయ్. ఇంగ్లీషుల వోయింది."

అతను అబ్దలీ వైపు ఎడారిలో గొర్లు కాస్తాడు. రెండు మూడు నెలలకొకసారి ఊళ్ళోకి వస్తాడు. నవంబరు నడుమనుంచి మార్చి దాకా కువైటీలు సరదాకోసం ఎడారిలో గుడారాలు వేసుకుని విడిది చేస్తారు. వాళ్ళకు చలికాలమే పండుగ. ఆ విడుదులకు ఇంకా అవతల, రాత్రి నీళ్ళు గడ్డకట్టేంత చలిలో ఇతని రేకుల కొట్టం. మరి ఆ షెద్దరు ఎందుకు, కప్పుకోవడానికా అని మావారు అడిగారు. కాదు, అమ్మకట. వచ్చే నెలలో ఊరికి పోయేవాడెవడో ఉన్నాడు, అతని చేతికిస్తాడట. పదకొండు దీనార్లు పెట్టి అది కొని, తనకోసం కోట్ల గుట్టలో అరదీనారు బట్ట వెతుక్కుంటున్నాడు.

నేను కాఫీరంగు కోటు కొన్నాను. మగవాళ్ళదైతేనేం. ఇంటికి వెళ్ళి జేబులో చెయ్యిపెడితే ఏ దేశపుదో ఒక ట్రాము టికెట్టు దొరికింది. ఆ అక్షరాలు మా ఇద్దరికీ తెలియలేదు. కోటు వెచ్చగానే ఉంది. నిద్ర మాత్రం రాలేదు.

నిజం చెప్పాలంటే, ఆ రోజు క్లాసు నాకు గుర్తు లేదు. ఎంత తవ్వినా గుర్తు రాలేదు. ఇప్పటికీ రాదు. కాని ఆ మాట నాదే. సందేహం లేదు, నేను అలాగే మాట్లాడతాను. పిల్లలు నవ్వితే ఆ రోజు పాఠం బాగా చెప్పాననుకుని ఇంటికి వచ్చి టీ తాగి ఉంటాను. మావారు, "వాడేమీ అనుకోలేదులే, పడుకో" అన్నారు. అనుకోకపోతే ఆ రెండు నెలలు గొంగడి ఇంట్లో ఎందుకు విడిచి వస్తాడు?

మరుసటి శుక్రవారం మావారిని ముబారకియా బజారుకు లాక్కుపోయాను. చమురు బయటపడకముందునుంచీ ఉన్న పాత బజారది. 1990లో ఇరాక్ దండెత్తినప్పుడు చాలా చెడిపోతే మళ్ళీ బాగుచేశారు. అక్కడొక ముసలి వ్యాపారి మేము ఇండియావాళ్ళమని తెలిసి "రూపీ, రూపీ" అంటూ నవ్వాడు. ఒకప్పుడు కువైటులో మన రూపాయే చెల్లేది. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫుకోసం వేరే నోట్లు కూడా అచ్చువేసింది. 1961లో దీనారు వచ్చింది. ఆ రోజుల్లో వెళ్ళి ఉంటే నాకు ఎక్కం బాధ తప్పేది.

ఆ ముసలాయన దుకాణంలో ఫర్వాలు వేలాడుతున్నాయి. ఫర్వా అంటే బెదూయిన్లు చలికాలంలో తొడుక్కునే పెద్ద అంగీ. లోపలంతా గొర్రెబొచ్చు, కాలి మడమలదాకా ఉంటుంది. అసలు తోలుది ముప్పై అయిదు దీనార్లు చెప్పాడు, సరిగ్గా నా నీలం కోటు ధర. ఈసారి ఎక్కం వేసుకోలేదు. కొనబోయేముందు కొలతకని ఆ అబ్బాయికి మావారి ఫోనునుంచి మాట్లాడాను.

"వద్దు మేడం" అన్నాడు వెంటనే. "అది మా కఫీలు ఏసుకునేది. నేనేసుకుంటె గొర్లు గుర్తువట్టయ్!" కఫీలంటే అక్కడ పని ఇచ్చిన యజమాని. అతని నవ్వు వెనక గాలిచప్పుడు వినిపిస్తోంది.

"ఏదో ఒకటి పుచ్చుకోవాలి నువ్వు" అన్నాను. బహుశా నా గొంతు క్లాసులో గొంతులాగే ఉండి ఉంటుంది. కాసేపు ఆగి, "అయితే ఊరికి వోయినంక, దొరికితె, ఒక గొంగడి పంపుండ్రి" అన్నాడు.

నేను ఏమీ అనలేకపోయాను. అతనే చెప్పాడు. కొట్టంలో రాత్రిపూట నెగడు వేసుకుంటారు. ఈ షెద్దర్లమీద నిప్పురవ్వ పడితే కరిగి, ఒంటికి అంటుకుంటుంది. అలా కాలిన మచ్చ ఒకటుందట భుజంమీద. ఉన్నిమీద రవ్వ పడితే నల్లబడి ఆరిపోతుంది, మంట లేవదు. "మీరిప్పుడు చెప్పిన ఫర్వాకు గూడ ఉన్నే ఉన్నది గాని, అది తొడుక్కోని గొర్రెకు పురుడు పోసుడెట్ల మేడం?" అన్నాడు. ఇతన్ని ఇంగ్లీషులో తప్పించినవాళ్ళెవరో గాని! అతని మందలోవి వెడల్పు తోకల ఉన్నిగొర్లేనట. "ఊలు మస్తున్నది, వడికెటోళ్ళే లేరు."

అక్కడా ఒకప్పుడు వడికేవాళ్ళున్నారు. బెదూయిన్ స్త్రీలు ఉన్ని వడికి, గుడారాల గుడ్డలు తామే నేసేవారు. ఆ నేతను సదూ అంటారు. కువైటు నగరంలో దానికోసం సదూ హౌస్ అని ఒక భవనమే ఉంది. వెళ్ళి చూశాను. 2020లో యునెస్కో ఆ నేతకు గుర్తింపు కూడా ఇచ్చింది. మన గొంగడికి ఏ భవనమూ లేదు.

2019 జూన్‌లో కాలేజీలు తెరిచేనాటికి తిరిగివచ్చాను. గొంగడి కొనడమెంతసేపు అనుకున్నాను. మెట్‌పల్లిలో నేను అడగని బట్టల కొట్టు లేదు. మాది బట్టకు పేరుపడ్డ ప్రాంతం. మెట్‌పల్లిలో ఖాదీ ఉంది. సిరిసిల్ల మరమగ్గాలు 2017లో బతుకమ్మ చీరలు నేశాయి. గొంగడి అడిగితే మాత్రం కొట్లవాళ్ళు నా ముఖం చూసి, పానిపట్టు బొచ్చు దుప్పట్లు దించి పరిచారు. అవి అచ్చం దుబాయి షెద్దర్లే. "ఇది బాగుంటది మేడం, గుచ్చుకోదు" అన్నాడొకాయన.

చివరికి దసరా సెలవుల్లో ఆ అబ్బాయి ఊరికే వెళ్ళాను. వాళ్ళమ్మ అరుగుమీద కూర్చుని బీడీలు చుడుతోంది. చాట ఒళ్ళో పెట్టుకుని, నాతో మాట్లాడుతూనే, చెయ్యి ఆపకుండా చుడుతోంది. వాళ్ళ తాత గొంగళ్ళు నేసేవాడట. మగ్గంగుంత ఇంటి ముందు గదిలోనే ఉండేది. కొడుకు పంపిన డబ్బుతో గచ్చు చేయించినప్పుడు దాన్ని పూడ్చారు. నేను కుర్చీ వేసుకుని కూర్చున్నది సరిగ్గా దానిమీదేనట. కొడుకు పంపిన షెద్దరు బీరువామీద ఉంది, జిప్పు తీయకుండా. "కప్పుకోవా?" అంటే, "పోరడు అచ్చినంక ఇప్పుత" అంది. పాత గొంగడి ఏమైందని అడిగాను. కోళ్ళ గంపమీద కప్పిన పీలికను చూపించింది. అదే అయి ఉంటుంది. అతని పేరెలా మారిందో ఆవిడకు తెలుసో తెలియదో. ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. బీడీలు చుట్టే ఆ చేతులు చూస్తూ చాయ్ తాగి వచ్చేశాను.

ఆవిడే ఇంకో ఊళ్ళో ఒక ముసలాయన ఇంకా నేస్తాడని చెప్పింది. డెబ్బై దాటినవాడు. నేసే ఒంట్లో శక్తి ఉందిగాని ఉన్ని లేదన్నాడు. 2017నుంచి సర్కారు సబ్సిడీమీద, మనిషికి ఇరవై గొర్రెలు ఒక పొట్టేలు చొప్పున పంచింది. వచ్చినవాటిలో ఎక్కువ నెల్లూరు రకం. మాంసానికి మంచివే, ఒంటిమీద ఉన్ని ఉండదు. "ఎంటికలున్న గొర్లు, ఊలు లేని గొర్లు" అని పెదవి విరిచాడు. మా నల్లగొర్రె తగ్గిపోయింది. ఎక్కడెక్కడి మందలనుంచో ఉన్ని కూడబెట్టాలి, ముసలమ్మ వడకాలి, చింతగింజల గంజి పట్టించాలి. మూడు నెలలన్నాడు, మూడువేలన్నాడు. నేను బేరమాడలేదు. శుక్రవారం సంతలో నాలుగు దీనార్లను రెండుకు దించినదాన్ని! "ఎవలకు?" అని అడిగాడు. కువైటుకన్నాను. కాసేపు నన్ను తేరిపార చూసి, "గొర్లు గాసెటోనికా?" అన్నాడు. అవునన్నాను. "ఎంత పొడుగుంటడు?" అంటే చెయ్యెత్తి చూపించాను.

2020 ఫిబ్రవరి చివర రాయికల్ వైపు మనిషి ఒకతను కువైటు పోతుంటే గొంగడి అప్పగించాను. అతని పెట్టెలో అప్పటికే పచ్చళ్ళు ముప్పై కిలోలూ నిండాయి. "ఏం గాదు మేడం" అని శంషాబాద్ విమానాశ్రయంలో గొంగడి భుజాన వేసుకునే లోపలికి పోయాడట. తనిఖీవాళ్ళు దాన్ని విప్పి, దులిపి, వాసన చూసి, తిరిగి ఇచ్చారట.

అది అతని చేతికి అందనేలేదు. మార్చిలో విమానాలు ఆగిపోయాయి, కరోనా వచ్చిపడింది. ఏప్రిల్‌లో జలీబ్ పేటను చుట్టూ కంచెవేసి మూసేశారు. మన కూలీలు వేలమంది ఉండే పేట అది. గొంగడి అక్కడే, ఒక గదిలో, మంచం కింద. యాభై డిగ్రీల ఎండాకాలమంతా ఆ మనుషులతో పాటు అదీ అక్కడే మగ్గింది. నేను ఇంట్లో కూర్చుని ఫోనులో పాఠాలు చెబుతున్నాను. మావారు అక్కడ ఒంటరిగా ఉన్నారు. ఆ నెలల్లో గొంగడి సంగతి తలచుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అన్నదే లెక్క.

డిసెంబరులో ఒక రాత్రి ఫోనుకు ఒక బొమ్మ వచ్చింది. నెగడు ముందు ఒక మనిషి కూర్చున్నాడు. నల్లటి గొంగడి కొప్పెర పెట్టుకున్నాడు. ముఖం సరిగా కనిపించదు. ఒళ్ళో, గొంగడి మడతలోంచి ఒక గొర్రెపిల్ల తల బయటికి పెట్టి చూస్తోంది. దానివెంటే అతని గొంతు:

"మేడం, గొంగడి అందింది. మస్తున్నది. రవ్వ వడ్డా ఏం గాలే. ఇప్పుడు పేరుకు తగ్గట్టున్నననీ మావోళ్ళు నవ్వుతున్నరు. గని మేడం, జెర కురుస వడ్డది. కాళ్ళు బయటికి అత్తున్నయ్. మీరు నన్ను ఇంటరుల జూసిన పొడుగు చెప్పినట్టున్నరు, తరువాత గూడ పెరిగిన. ఇంకోటి చేపిత్తె రెండు మూరలు ఎక్కువ చెప్పుండ్రి. పైసలు నేను పంపుత."

మరునాడే ముసలాయన దగ్గరికి వెళ్ళాను. ఉన్ని దొరకాలి గదా అన్నాడు.